ఒక్క పిల్ల కోసం వయల్ తెరవాలా? విధానం మార్పించే పనిలో నా అనుభవం

పది డోసుల తట్టు-రుబెల్లా (ఎం.ఆర్.) టీకా వయల్‌ని, అంటే చిన్న సీసాని, ఒక్క పిల్ల కోసం తెరవాలా వద్దా? టీకాలు వేసే నర్సులకు ఈ ప్రశ్న కొత్త కాదు. జవాబు నర్సు చేతిలోనే ఉన్నట్టు కనిపిస్తుంది. నిజానికి అది ఎవరో ఎప్పుడో రాసిపెట్టిన వేస్టేజ్ (వాడకుండా పారేసే డోసుల శాతం) పరిమితిలో ఉంటుంది. అలాంటి ఒక పరిమితిని మార్పించే పనిలో, మొదటి లెక్క దగ్గర్నుంచి సర్క్యులర్ వచ్చాక దాని అమలు దాకా, పబ్లిక్ హెల్త్ నర్సుగా పాలుపంచుకున్నాను. ఆ పని ఏ వరసలో నడుస్తుందో, ఎక్కడెక్కడ ఆగిపోతుందో రాస్తున్నాను. టీకా ఉదాహరణే అయినా, నర్సులు పైకి తీసుకెళ్లే ఏ సమస్యకైనా దారి దాదాపు ఇదే.

ముందు టీకా సంగతి. ఎం.ఆర్. టీకా పొడిగా వస్తుంది, డైల్యూయెంట్ అనే ద్రవం కలిపి వాడాలి. అందులో ప్రిజర్వేటివ్ (సూక్ష్మజీవులు పెరగకుండా ఆపే పదార్థం) ఉండదు కాబట్టి కలిపిన వయల్‌ని 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచి, 6 గంటల్లోగా గానీ సెషన్ ముగిసేలోగా గానీ, ఏది ముందైతే అప్పటికి పారేయాలి. ఈ విషయంలో బేరం లేదు. కలిపిన వయల్‌ని మర్నాటికి దాచి వాడినచోట్ల బాక్టీరియా చేరి పసిపిల్లలు చనిపోయిన ఘటనలు ఉన్నాయి. అందువల్ల ముగ్గురు పిల్లలే వస్తే ఏడు డోసులు పారబోయాల్సిందే, అంటే వేస్టేజ్ 70 శాతం. తనిఖీ ఫారంలో పరిమితి 25 శాతం అని ఉంటే ఆ నర్సు నెల నెలా సంజాయిషీ రాసుకోవాలి. ఆ బాధ పడలేక ఏడెనిమిది మంది పోగయ్యేదాకా వయల్ తెరవరు. వచ్చిన ఒకరిద్దరిని "వచ్చేవారం రండమ్మా" అని పంపేస్తారు. వాళ్లలో కొందరు మళ్లీ రారు. రక్షణ లేని జనంలో తట్టు ఒక్క రోగి నుంచి 12 నుంచి 18 మందికి అంటుకోగలదు. రెండు డోసులూ 95 శాతం పిల్లలకు అందితే తప్ప వ్యాప్తి ఆగదు. అంటే డోసులు మిగల్చడానికి పెట్టిన నియమమే పిల్లల్ని వదిలేస్తోందన్నమాట.

నర్సులందరికీ ఈ సంగతి తెలుసు. తెలిసినదాన్ని కాగితం మీద చూపించడం దగ్గరే మొదటి చిక్కు వస్తుంది. టీకా వేసిన పిల్ల రిజిస్టర్‌లో ఉంటుంది, వెనక్కి పంపిన పిల్ల ఏ రిజిస్టర్‌లోనూ ఉండదు. "మేం చాలామందిని పంపేయాల్సి వస్తోంది" అని సమావేశంలో చెబితే "ఎంతమందిని?" అని అడుగుతారు. అక్కడితో మాట అయిపోతుంది.

దీనికి మేం పట్టుకున్న దారి తేదీలు పోల్చడం. చాలా షెడ్యూళ్లలో ఎం.ఆర్. రెండో డోసు వేసే వయసులోనే డి.పి.టి. (కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతం టీకా) బూస్టర్ డోసు కూడా ఉంటుంది. రెండూ ఒకే రోజు వేయొచ్చు. ఒక పిల్ల కార్డులో బూస్టర్ తేదీ ఉండి, ఆ రోజు ఎం.ఆర్. తేదీ లేకపోతే, ఆ పిల్ల కేంద్రానికి వచ్చింది, టీకా అందకుండా వెళ్లింది అని అర్థం. రిజిస్టర్ నుంచి నాలుగు గడులే ఎత్తి రాసుకోవాలి: పుట్టిన తేదీ, బూస్టర్ తేదీ, ఎం.ఆర్. రెండో డోసు తేదీ, ఆ రోజు స్టాక్ బుక్‌లో ఎం.ఆర్. నిల్వ. నాలుగో గడి లేకుండా మొదలుపెడితే శ్రమంతా వృథా. ఆ రోజు వయల్స్ నిల్వే లేకపోతే అది సరఫరా సమస్య, వేస్టేజ్ భయం కాదు. ఆ రెంటినీ విడదీయని లెక్కని స్టోర్స్ అధికారి రెండు నిమిషాల్లో కొట్టిపారేస్తాడు, అందులో ఆయన తప్పు లేదు.

కేంద్రాల్ని ఎంచుకోవడంలోనూ జాగ్రత్త కావాలి. నలుగురైదుగురు పిల్లలొచ్చే చిన్న కేంద్రాలు మాత్రమే తీసుకుంటే ముందే అనుకున్న జవాబు కోసం వెతికినట్టు ఉంటుంది. సెషన్‌కు ముప్పై మంది వచ్చే పెద్ద కేంద్రాలు కూడా ఉంటే తేడా దానంతటదే బయటపడుతుంది. లెక్క పూర్తి 12 నెలలది కావాలి. వలసలు, సెలవులు, వానలు అన్నీ హాజరుని మారుస్తాయి కాబట్టి మూడు నెలల లెక్క మీద ఏ విధానమూ నిలబడదు. దీనికి తోడు కొద్దిమంది తల్లుల్ని బయటికి వెళ్లేటప్పుడు కార్డు చూస్తూ అడగాలి. అడిగేది అదే కేంద్రంలో టీకా వేసే నర్సు కాకూడదు, వేరే కేంద్రం నుంచి రావాలి. లేకపోతే తల్లులు మొహమాటంతో అంతా బాగుందనే చెబుతారు.

రిజిస్టర్లు నిజం చెబుతున్నాయో లేదో కనిపెట్టడానికి చిన్న లెక్క ఒకటి ఉంది. నెలకు నాలుగు పది డోసుల వయల్స్ తెరిచిన కేంద్రంలో వేస్టేజ్ 24 శాతం అని రాసి ఉంటే అది లెక్క కట్టి రాసింది కాదు. 40 డోసుల్లో 24 శాతం అంటే 9.6 డోసులు, డోసుకి పదో వంతులు ఉండవు. 25 శాతం పరిమితి ఉన్నచోట 24 పదే పదే కనిపిస్తుందంటే, పరిమితి వేస్టేజ్‌ని తగ్గించలేదు, రాతని మార్చిందంతే. నిజానికి విధానకర్తల్ని కదిలించే సాక్ష్యాల్లో దీన్ని మించింది లేదు. కానీ దీన్ని పట్టుకుని ఏ నర్సుకైనా మెమో వెళ్లిందంటే అక్కడి నుంచి ఏ రిజిస్టరూ నిజం చెప్పదు. అందుకే కేంద్రాల పేర్లు తీసేసి కోడ్ నంబర్లు వేశాకే లెక్క బయటికి వెళ్లాలి, కోడ్ పట్టిక ఒక్కరి దగ్గరే ఉండాలి. రికార్డులు వాడుకోవడానికి రాతపూర్వక అనుమతి ముందే తీసుకోవాలి. అంతా అయ్యాక అడిగితే లెక్కని పక్కనపెట్టి అనుమతి గురించే చర్చ నడుస్తుంది.

ఇక ఖర్చు. నర్సులు తెచ్చే ప్రతిపాదనల్లో సాధారణంగా కనిపించనిది ఇదే, ఆర్థిక శాఖ ముందుగా వెతికేదీ ఇదే. మా లెక్కలో ధరలు రాయలేదు, నిష్పత్తితో చూపించాం. పది డోసుల వయల్‌లో ఒక డోసు ఖరీదు 1 అనుకుందాం. ఐదు డోసుల వయల్స్‌లో డోసు ఖరీదు ఎక్కువ, దాన్ని 1.5 అనుకుందాం. సెషన్‌కి నలుగురు వస్తే పది డోసుల వయల్ తెరిచినప్పుడు ఖర్చు 10, ఒక్కో పిల్లకి 2.5. ఐదు డోసుల వయల్ తెరిస్తే ఖర్చు 7.5, పిల్లకి 1.9 లోపే. అదే ఆరుగురు వస్తే ఐదు డోసుల వయల్స్ రెండు తెరవాలి, ఖర్చు 15. పది డోసులది ఒక్కటి చాలు, ఖర్చు 10. అంటే ఐదుగురి దాకా చిన్న వయల్ లాభం, ఆరు నుంచి పది దాకా పెద్దదే లాభం. "అన్నిచోట్లా చిన్న వయల్స్ ఇవ్వండి" అనే డిమాండ్ ఈ లెక్క ముందు నిలవదు. చిన్న వయల్స్ డోసుకి ఎక్కువ చోటు కూడా తీసుకుంటాయి, రిఫ్రిజిరేటర్ నిండిపోతుంది. కాబట్టి అడగాల్సింది సెషన్ పరిమాణాన్ని బట్టి వయల్ కేటాయించమని.

ఆ పరిమాణాన్ని సగటుతో కొలవకూడదు. పన్నెండు సెషన్లలో పదింటికి నలుగురు చొప్పున, ఓ రెండింటికి ఇరవై మంది చొప్పున వస్తే సగటు 6.7 తేలుతుంది, ఆ కేంద్రానికి పెద్ద వయలే వెళుతుంది. వరసలో పెట్టి మధ్యలో ఉన్న సంఖ్య, అంటే మీడియన్, 4. కేంద్రం మామూలు రోజున ఎలా ఉంటుందో మీడియనే చెబుతుంది.

లెక్క సిద్ధమయ్యాక దాన్ని ఒక్క పేజీలోకి దించాలి. అసలు కష్టం ఇక్కడే. మొదటి రాతప్రతిలో నర్సుల కష్టాలన్నీ ఎక్కేస్తాయి: ఖాళీ పోస్టులు, ప్రయాణ భత్యం, చెడిపోయిన రిఫ్రిజిరేటర్. అన్నీ నిజమే. అయితే ఏడు కోరికలున్న కాగితాన్ని ఏడు విభాగాలకు పంపుతారు, ఎవరూ జవాబివ్వరు. ఒక కాగితానికి ఒకే కోరిక ఉండాలి. పేజీలో నాలుగు ముక్కలు చాలు: ఇప్పుడున్న నియమం ఏ పత్రంలో ఏ పేరాలో ఉంది, దానివల్ల ఏం జరుగుతోంది, దాని బదులు ఏ వాక్యం కావాలి, దానికి ఎంతవుతుంది. ఒక్క పటం (చార్టు) పెట్టొచ్చు. పటానికి ఉన్న బలం నర్సులకు కొత్త కాదు. క్రిమియా యుద్ధంలో సైనికుల మరణాలు ఎక్కువ భాగం గాయాల వల్ల కాదు, నివారించదగ్గ జబ్బుల వల్ల అని ఫ్లోరెన్స్ నైటింగేల్ 1858లో రంగుల పటంతోనే చూపించింది.

నాలుగింటిలో మూడోదే ప్రాణం. "విధానం మార్చాలి" అని రాస్తే ఆ వాక్యాన్ని ఇంకెవరో రాస్తారు, వాళ్లు టీకా వేసినవాళ్లు కాకపోవచ్చు. అందుకే మార్చాల్సిన వాక్యాన్ని మనమే రాసివ్వాలి. "వేస్టేజ్ 25 శాతం మించరాదు" అనే పాత వాక్యం బదులు మేం ఇచ్చింది ఇది: "అర్హత గల పిల్ల ఒక్కరే వచ్చినా ఎం.ఆర్. వయల్ తెరవాలి. కలిపిన వయల్‌ను 6 గంటల్లోగా లేదా సెషన్ ముగిసేలోగా, ఏది ముందైతే అప్పటికి, పారవేయాలి. తెరిచిన వయల్‌లో మిగిలిన డోసులకు సంజాయిషీ అడగరాదు. తెరవని వయల్స్ నష్టానికి కారణం నమోదు చేయాలి." చివరి వాక్యం మాతో ఏకీభవించనివారి కోసం పెట్టింది. తెరిచాక మిగిలేది వయల్ సైజు వల్ల తప్పని నష్టం. గడువు దాటడం, వేడి తగలడం, పగలడం అలా కాదు, అవి నిర్వహణ లోపాలు. ఈ రెంటినీ ఒకే శాతంలో కలిపి చూడటమే పాత నియమంలోని అసలు లోపం. రెండోదాని మీద నిఘా ఉంచుతామని మనమే చెబితే "క్రమశిక్షణ పోతుంది" అనే అభ్యంతరం సగం తగ్గిపోతుంది.

కాగితం ఎవరికి ఇవ్వాలన్నది తర్వాతి ప్రశ్న. టీకాల షెడ్యూలు, వాడకం మీద ప్రభుత్వాలకు సలహా ఇవ్వడానికి చాలా దేశాల్లో జాతీయ సాంకేతిక సలహా బృందాలు ఉన్నాయి. వాటిలో నర్సుకి చోటు ఉన్నచోట ఆ దారి దగ్గర. లేనిచోట నర్సుల సంఘం ద్వారా గానీ, ప్రభుత్వంలో ముఖ్య నర్సింగ్ అధికారి పోస్టు ఉంటే వారి ద్వారా గానీ వెళ్లాలి. 2021–2025 కాలానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ నర్సింగ్‌కి ఇచ్చిన దిశానిర్దేశంలో నాయకత్వం ఒక ముఖ్యాంశం, అలాంటి ఉన్నత పోస్టుల్ని బలపరచాలని అందులో ఉంది. ఇలాంటి పత్రాన్ని ఒక వాక్యంలో ఉటంకిస్తే తలుపు కొంచెం తెరుచుకుంటుంది, పేజీ నిండా ఉటంకిస్తే విసుగొస్తుంది. మన పై అధికారిని దాటి వెళ్లడం మాత్రం ఎప్పుడూ తెలివి కాదు. కాగితం చివరికి ఆయన అభిప్రాయం కోసం ఆయన బల్ల మీదకే తిరిగొస్తుంది.

సమయం గురించి రాజనీతి శాస్త్రవేత్త జాన్ కింగ్డన్ 1984లో చెప్పిన మాట ఇప్పటికీ పనికొస్తుంది: సమస్య, పరిష్కారం, రాజకీయ వాతావరణం అనే మూడు ప్రవాహాలు వేర్వేరుగా నడుస్తుంటాయి, మూడూ కలిసిన కొద్దికాలంలోనే మార్పు సాధ్యం. తట్టు ప్రబలినప్పుడు ఆ అవకాశపు కిటికీ తెరుచుకుంటుంది. అప్పుడు లెక్కలు మొదలుపెడితే పూర్తయ్యేలోపు అది మూసుకుంటుంది. కాగితం ముందే తయారై ఉండాలి. ప్రబలే సంగతి ఎలా ఉన్నా, బడ్జెట్ ప్రతిపాదనలు అడిగే నెల ఏటా తెలిసిందే. ఖర్చున్న కోరిక ఆ నెలకి ముందు చేరకపోతే ఎంత మంచిదైనా మరో ఏడాది ఆగుతుంది.

పెద్ద మార్పుకి భయపడేచోట చిన్న ప్రయోగం అడగడం మంచిది. 1902లో న్యూయార్క్‌లో లిలియన్ వాల్డ్ అనే నర్సు చేసింది ఇదే. అంటుజబ్బులున్న పిల్లల్ని బడి నుంచి పంపేసేవారు, వాళ్లకి వైద్యం చేయించేవారు ఎవరూ లేరు. ప్రతి బడికీ నర్సు కావాలని ఆమె పోరుపెట్టలేదు. లీనా రోజర్స్ అనే నర్సుని నాలుగు బడులకి ఒక నెలపాటు ఇచ్చింది. ఫలితం చూసి నగరమే నర్సుల్ని నియమించింది. బడి నుంచి అలా పంపేసిన పిల్లల సంఖ్య నెలకి 10,000కు పైగా ఉన్నది ఏడాదిలో 1,100 దగ్గరికి పడిపోయింది. ఆ ప్రయోగంలో ఏం కొలవాలో ముందే తేలి ఉండటం గమనించాలి: బడికి దూరమైన పిల్లల సంఖ్య, దాన్ని బడులు అప్పటికే రాస్తున్నాయి. కొత్త రిజిస్టర్ పెట్టాల్సిన ప్రయోగం సాధారణంగా రిజిస్టర్ దగ్గరే చచ్చిపోతుంది.

సమావేశంలో వచ్చే అభ్యంతరాలు పెద్దగా మారవు. "వేస్టేజ్ పెరుగుతుంది" అంటారు. అవును, పెరుగుతుంది. కాదనడం కంటే ఎంత పెరుగుతుందో చెప్పడం నయం. "నర్సులకి శిక్షణ ఇస్తే చాలదా?" అన్నది రెండోది. శిక్షణ లోపం కాదని చూపడానికి తేదీల లెక్క ఉంది: అదే నర్సు అదే రోజు బూస్టర్ సరిగ్గానే వేసింది. మాట్లాడే సమయం అయిదు నిమిషాలకి మించదు. అందులో రెండు నిమిషాలు ప్రశ్నలకి వదిలేస్తే మంచిది.

ఇప్పుడు చాలామంది పట్టించుకోని భాగం. సర్క్యులర్ వస్తే విధానం మారిందనుకుంటారు. మారదు. విధానం మూడు కాగితాల్లో ఉంటుంది: మార్గదర్శకం, టీకాల అవసరాన్ని అంచనా వేసే షీటు, తనిఖీ ఫారం. మూడూ ఒకేసారి మారాలి.

అంచనా షీటు మారకపోతే ఏమవుతుందో చూడండి. అవసరమైన డోసులు = పిల్లల సంఖ్య × కవరేజీ × వేస్టేజ్ ఫ్యాక్టర్. ఫ్యాక్టర్ అంటే 100ని, 100 లోంచి వేస్టేజ్ శాతం తీసేయగా మిగిలినదానితో భాగించడం. వెయ్యి మంది పిల్లలు, 95 శాతం కవరేజీ, ఒక డోసు అనుకుంటే 25 శాతం వేస్టేజ్‌కి ఫ్యాక్టర్ 1.33, అంటే ఏడాదికి 1,267 డోసులు. ఒక్క పిల్లకి కూడా వయల్ తెరవడం మొదలై వేస్టేజ్ 50 శాతానికి చేరితే ఫ్యాక్టర్ 2, అంటే 1,900 డోసులు. సర్క్యులర్ మారి షీటు మారకపోతే, బఫర్ నిల్వని (అవసరానికి అదనంగా ఉంచే స్టాకుని) పక్కనపెడితే, ఎనిమిదో నెల చివరికి వయల్స్ అయిపోతాయి. అప్పుడు అందరూ తిట్టేది కొత్త విధానాన్నే, పాత షీటుని ఎవరూ ఏమీ అనరు. అందుకే మా ప్రతిపాదనకి మార్చిన షీటుని కూడా జతచేశాం.

తనిఖీ ఫారం సంగతి ఇంకా చిన్నది, ఇంకా ప్రమాదకరం. అందులో "వేస్టేజ్ 25 శాతం లోపు ఉందా? అవును/కాదు" అనే వరస మిగిలిపోతే నర్సు నమ్మేది దాన్నే, సర్క్యులర్‌ని కాదు. తన ముందు కూర్చుని ప్రశ్న అడిగేది ఆ ఫారం పట్టుకున్న మనిషే మరి. ఆ వరస తీసేసి రెండు పెట్టించాలి: ఈ రోజు అర్హత ఉండీ ఎం.ఆర్. అందకుండా వెళ్లినవారు ఎందరు, తెరవని వయల్స్ నష్టం ఎంత. కంప్యూటర్ ఫారంలో 25 దాటితే ఎర్రగా వెలిగే ఏర్పాటు ఉంటే దాన్నీ తీయించాలి. ఇది సాఫ్ట్‌వేర్ చూసేవాళ్ల పని, వాళ్లకి సర్క్యులర్ నకలు వెళ్లదు. పంపాల్సిన వాళ్ల జాబితాలో వాళ్ల పేరు మనమే చేర్పించాలి.

అమలులో వచ్చే పెద్ద గందరగోళం 28 రోజుల నియమం గురించి. పెంటావాలెంట్, టి.డి. లాంటి ద్రవరూప టీకాల్లో, నిర్ణీత షరతులకు లోబడినవాటిని తెరిచాక 28 రోజుల దాకా వాడొచ్చు: వయల్ మీది వి.వి.ఎం. (వేడి తగిలేకొద్దీ రంగు మారే గుర్తు) పారేయాల్సిన దశకి చేరకూడదు, గడువు దాటకూడదు, వయల్ నీట మునిగి ఉండకూడదు, చల్లదనం తప్పకూడదు. "వయల్ తెరిచినా ఫర్వాలేదు" అనే కొత్త సర్క్యులర్ వినగానే కొందరు ఈ రెంటినీ కలిపేసి, కలిపిన ఎం.ఆర్. వయల్‌ని కూడా రిఫ్రిజిరేటర్‌లో పెట్టేస్తారు. డోసు పారేయడానికి చేయి రాని మనుషులం, అలవాటు అంత తేలిగ్గా పోదు. శిక్షణలో రెండు పట్టికలు పక్కపక్కన పెట్టి చూపించాలి. కలిపిన గంట వయల్ మీద రాయించాలి. సెషన్ ముగిశాక రిఫ్రిజిరేటర్ తెరిచి చూడటం తనిఖీలో భాగం కావాలి.

ఆర్నెల్ల తర్వాత మళ్లీ లెక్క తీసినప్పుడు రెండు సంఖ్యలు కలిపి చూడాలి. మొదటి, రెండో డోసుల మధ్య డ్రాపౌట్ (మొదటిది వేయించుకుని రెండోదానికి రానివారి శాతం) ఒకటి: మొదటిది 200 మందికి, రెండోది 164 మందికి అందితే డ్రాపౌట్ 18 శాతం. సెషన్ సైజుని బట్టి విడదీసిన వేస్టేజ్ రెండోది. వేస్టేజ్ పెరిగి డ్రాపౌట్ తగ్గితే ఖర్చుపెట్టినదానికి ఫలితం దక్కింది. వేస్టేజ్ పెరిగినా డ్రాపౌట్ కదలకపోతే పిల్లలు రాకపోవడానికి కారణం వేరే ఉంది, దానికి వేరే కాగితం రాయాలి. వేస్టేజ్ ఏమాత్రం పెరగకపోతే సర్క్యులర్ కేంద్రాలకి చేరలేదు.

ఈ రెండో లెక్క వచ్చేసరికి మొదట సంతకం పెట్టిన అధికారి ఆ కుర్చీలో ఉండకపోవచ్చు. కాబట్టి అసలు లెక్క, ఒక్క పేజీ కాగితం, అభ్యంతరాలు, వాటికిచ్చిన జవాబులు, సర్క్యులర్ నకలు, మార్చిన షీటు అన్నీ ఒకే ఫైల్లో తేదీలతో కట్టి, నర్సుల సంఘం దగ్గర ఒకటి, టీకాల విభాగంలో ఒకటి ఉంచాలి. కొత్త అధికారికి ముందు ఇవ్వాల్సింది ఆర్నెల్ల ఫలితం, తర్వాతే మిగతా ఫైలు. లేదంటే "వేస్టేజ్ ఎందుకింత పెరిగింది?" అని ఆయన అడిగే మొదటి ప్రశ్నకి పాత పరిమితే మళ్లీ జవాబుగా వచ్చేస్తుంది.